కొను

ఉలవపాడులో ఫీడు షాపు షట్టర్ దించి
ఆరున్నరకి ఆటో ఎక్కుతా.
ఎంత రుద్దినా చేతులకి రొయ్యల మేత వాసన.
రామాయపట్నంలో సరుగుడు తోపు దాటాక
పెంకుటింటి వరండాలో, ట్యూబులైటు కింద,
తుండుగుడ్డతో దోమల్ని తోలుకుంటా
హోషేయ సారు కూచోనుంటాడు.

ఒకప్పుడు పాస్టర్లు కాబోయే కుర్రాళ్ళకి
గ్రీకు చెప్పినాయన.
ఇప్పుడు నేనొక్కదాన్నే.
"దేనికమ్మే నీకిది?" అన్నాడు తొలిరోజు.
తెలీదు సారు, అన్నా.
"మంచిది. తెలిసినోళ్ళు మూడో పాఠంలో మానేస్తారు."

పాత రాళ్ళ మీద చెక్కిన తేటా చూపించాడు.
సున్నా, నడిమధ్య చుక్క.
ఇది మన ఠ కదా సారు,
తలకట్టు పెట్టడం మర్చిపోయారు, అన్నా.
డుమువులు వల్లెవేసి పెరిగినదాన్ని,
వాళ్ళకి విభక్తులు అయిదేనంటే
జాలేసింది.

వరిని ఓరుజ అంటారంట.
ఆ మాట మనదే సారు,
మూటల్తో పాటు ఓడెక్కి పోయుంటుంది!
"అయ్యుండొచ్చు, కాకపోవొచ్చు. ఒట్టు పెట్టమాక."
ఆ రాత్రి అన్నం తింటా
ఒట్టు పెట్టకుండానే నమిలా దాన్ని,
ఓరుజ, ఓరుజ,
మా అమ్మ పుల్లగూర బాలేదేమో అనుకుంది.

పదో వారం క్రియ దగ్గర ఇరుక్కున్నా.
చేసేది ఒకటి, చేయబడేది ఒకటి, సరే.
మధ్యలో ఇంకోటుందంట,
చేసినోడికే తిరిగొచ్చి తగిలే పని.
లూఓ, కడుగుతాను.
లూఓమై...
సారు మాట కోసం తడుముతున్నాడు.
ఇంగ్లీషు పుస్తకం అరపేజీ చుట్టు తిరిగి
మొదలుపెట్టిన చోటే నిలబడింది.
గేటు కాడ వాళ్ళమ్మాయి పిల్లోణ్ణి కేకేసింది:
"కాళ్ళు కడుక్కోని లోపలికి రారా!"

ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.
చూసుకున్నాం. ఇదీ అదే.
కప్పుకొను, దాచుకొను, తల దువ్వుకొను,
ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకొను.
ఇన్నాళ్ళూ కొను అంటే
కొట్లో డబ్బులిచ్చి కొనడమే అనుకున్నా.

నిన్న ఇంకో మాట తగిలింది. బుర్సెయూస్.
తోళ్ళు ఊనేవాడు.
ఆయన ఇల్లు సముద్రం ఒడ్డున, ఊరికి ఎడంగా.
ఎడంగా ఎందుకో సారు చెప్పబోయాడు.
చెప్పక్కర్లేదు సారు.

లింగసముద్రం కాడ మా తాత ఓబయ్య
మోట బానలకి తోలు తొండాలు కుట్టేవాడు.
తంగేడు చెక్క నీళ్ళకి మోచేతులదాకా ఎరుపు.
బడి కిటికీ బయట నిలబడి
లోపల పిల్లలు అరిచే అ ఆలని
ఆరె మొనతో తోలుముక్క మీద గీసుకునేవాడంట.
గీసుకునేవాడు.
ఎవరూ నేర్పలేదు, నేర్పబడనూ లేదు.
ఆ వాక్యంలో అటూ ఇటూ ఖాళీ.
మధ్యలో తాతొక్కడే,
చంకలో తోలుముక్కతో.
మోటార్లొచ్చాక బానలు పోయినయ్.
ఆ ముక్క యాడుందో అడగడానికి
మా నాయన కూడా లేడు.

సారు చాలాసేపు పేజీ తిప్పలేదు.
తర్వాత, దగ్గి, పాఠంలో పడ్డాడు.
నేర్చుకొను అనే క్రియకి, చూడు,
వర్తమానం మామూలుగానే ఉంటుంది.
భవిష్యత్తులోకి అడుగుపెడితే
ఈ మధ్య రూపం తొడుక్కుంటుంది.
మథేసొమై. నేర్చుకుంటాను.
ఎందుకట్టా సారు?
"ఏమో. అట్టా ఉండాది."

తోపు అవతల ఆఖరి ఆటో హారన్.
సముద్రం వినిపిస్తా ఉంది గానీ కనపళ్ళేదు.
వరండా అంచున కూచోని
చెప్పులు తొడుక్కున్నా.